క్లచ్చు లేని గడ్డిబండి

మా అత్త కర్మాంతరాలు అయిపోయిన మరుసటి రోజు ఆమె ట్రంకుపెట్టె తెరిచాం. పైన నాలుగు ధర్మవరం చీరలు, వాటి మధ్య ఎండిన మరువం, కలరా ఉండల వాసన, ఒక పాత రేషన్ కార్డు. అన్నిటికంటే అడుగున, రవికె గుడ్డలో మూడు చుట్లు చుట్టి భద్రంగా దాచిన వస్తువొకటి తగిలింది. బంగారమేమో అనుకొని మా ఆడబిడ్డ తలుపు దగ్గరకు వేసి మరీ విప్పింది. లోపల పద్నాలుగో నంబరు స్పానరు!

"ఇదేంది వదినా? మా అమ్మకు స్పానరెందుకు?" అని ఆమె నోరు తెరుచుకొని చూస్తుంటే, నాకు లోపల్నించి నవ్వు తన్నుకొచ్చింది. చావు జరిగిన ఇంట్లో నవ్వితే బాగుండదని కొంగు నోట్లో కుక్కుకొని, గోడకు తిరిగి, భుజాలు అదిరేటట్టు నవ్వాను. తలుపు సందులోనుంచి చూసిన ముసలావిడ ఒకామె, "అత్త కోసరం ఎట్ల ఏడుస్తాండాదో చూడండి. కోడలంటే అట్లుండాల" అంది. ఆ మాటతో నిజంగానే ఏడుపొచ్చింది. ఆ స్పానరు మాది కాదు. పెనుకొండలో ట్రాక్టర్లు బాగుచేసే దేవదానానిది. మా అత్త జన్మలో చేసిన ఒకే ఒక్క దొంగతనం అది. తెలిసీ నోరు మెదపక, దాన్ని చేయించినదాన్ని ఒక రకంగా నేనే.

నేను పెళ్ళయి పెనుకొండ దగ్గరి ఆ పల్లెకు వచ్చేసరికే మా మామకు గడ్డిబండి ఉండేది. చేత్తో తోసే రకం కాదు, మనిషెక్కి కూర్చొని నడిపేది. ఎర్ర రేకు, నల్ల సీటు, నాలుగు చిన్న చక్రాలు, కడుపు కింద గడ్డి కోసే బ్లేడు. హిందూపురం అవతల ఏదో ఫ్యాక్టరీ మూతపడితే సామాన్లు వేలం వేశారట. మామ బోరుబావికి పైపులు తెద్దామని పోయి, పైపులు ఇంకెవరో పాడుకుపోతే, ఉత్తచేతులతో తిరిగొస్తే నామర్దా అనుకొని, ఎవరూ పాడని ఆ బండిని పాడుకొని వచ్చారు. ఆయన దాన్ని పిల్ల ట్రాక్టరు అనుకున్నారు. అది గడ్డి కోసేది అని తెలిశాక ఊరంతా విడ్డూరంగా చూసింది. మా వైపు గడ్డి మొలవడమే ఒక గొప్ప. మొలిచినదాన్ని కోసి పారేయడానికి మిషన్ చేసే దేశం ఒకటి ఉందంటే ఊళ్ళో గొర్రెల కాపర్లు ఎవరూ నమ్మలేదు.

బ్లేడు సంగతి నేను రాకముందు జరిగింది. అయినా అత్త నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, విన్న ప్రతిసారీ అందులో కొత్త సంగతి ఒకటి చేరేది. బండి వచ్చిన మూడో రోజు మామ దాన్ని వాకిట్లో తిప్పుతూ, ఏ పిడి ఏమిటో తెలియక అన్నీ లాగుతూ, అత్త ఎండబెట్టిన ఎండుమిరపకాయల మీదుగా పోనిచ్చారు. అంతే, బ్లేడు దిగి తిరిగింది. కారం ఎర్రటి మబ్బులా లేచి వీధి పొడవునా పరుచుకుంది. ఆ సాయంత్రం ఊళ్ళో తుమ్మని ప్రాణి లేదట. ఎద్దులు తుమ్మాయట. పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళు ఎవరో తుమ్ముకు భయపడి లేచిపోయారనేది అత్త తర్వాత చేర్చిన ముక్క. ఏమైతేనేం, మర్నాడే బ్లేడు ఊడదీయించి అటక మీద పడేయించింది. ఆనాటి నుంచి అది గడ్డి కోయని గడ్డిబండి. మామకు కాళ్ళు.

నిజంగా కాళ్ళే. అంతకు రెండేళ్ళ ముందు చెనిక్కాయ మూటలు ఎత్తిస్తూ లారీ మీద నుంచి పడి ఆయన కుడి మోకాలు వంగకుండా పోయింది. కర్ర పట్టుకొని వీధి మలుపు దాకా పోయి వచ్చేసరికే ఆయాసం. చేను, ఊరి రచ్చ, బస్‌స్టాపులో పేపరు, అన్నీ పోయి ఇల్లు ఒక్కటే మిగిలింది. ఇంట్లో కూర్చున్న మామ ఏం చేశారు? వంటింటిని సంస్కరించడం మొదలుపెట్టారు. గడపలో కుర్చీ వేసుకొని, సంగటి ఏ చేత్తో కెలకాలో, ఊరుబిండి పచ్చడికి చెనిక్కాయలు ఎంత వేయించాలో, పొయ్యిలో కట్టె ఏ మూల నుంచి తోయాలో చెప్పేవారు. ముప్పై ఏళ్ళు ఆయనకు వండిపెట్టిన అత్త, ఆ రెండేళ్ళలో పుట్టింటికి పోదామని మూడుసార్లు మూట కట్టిందట. బండి రావడంతో మూట విప్పింది.

నేను కాపురానికి వచ్చేసరికి ఇంటి పద్ధతి ఇలా ఉండేది. పొద్దున సాంబ్రాణి పొగ, దాని వెనకే పెట్రోలు వాసన. మామ తెల్లపంచె, తలకు తువ్వాలు, సీటు వెనక తాడుతో కట్టిన నల్లగొడుగు. అత్త సీసాలో మజ్జిగ పోసి ఇచ్చేది. బండి తడతడలాడుతూ బయల్దేరేది. నడిచే మనిషి కంటే నిదానం. మేతకు పోయే గొర్రెలు దాన్ని దాటుకొని పోయేవి, మామ వాటిని తిట్టేవారు. ఆ చప్పుడు బడి దాటి సన్నబడేదాకా అత్త గడపలో నిలబడి చెవి పెట్టి వినేది. దాటగానే, "పోయినాడు పాపా" అని కాళ్ళు బారచాపుకొని కూర్చొని, రేడియో పెట్టి, వక్కాకు నోట్లో వేసుకునేది. పక్కిళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆ ఇల్లు మా రాజ్యం. మా ఆయన ముదిగుబ్బలో పంతులు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి బస్సుకు పోయేవాడు. కాబట్టి నా కొత్త కాపురంలో నాకు తోడు అత్తే.

ఆ రాజ్యం ఆరు నెలలకే కూలింది. ఒకరోజు చెరువుకట్ట ఎక్కే దగ్గర ఇంజను గర్జిస్తోంది గానీ బండి కదల్లేదట. నలుగురు కాపర్లు తోసుకుంటూ ఇంటికి తెచ్చారు. వెనక గొర్రెలన్నీ పెళ్ళి ఊరేగింపులా వచ్చాయి. బండి వాకిట్లోకి రాగానే నా ముక్కుకు ఒక వాసన తగిలింది. మాడిన రబ్బరు వాసన. నాకు అది పుట్టిల్లు. మా నాయనకు హిందూపురంలో పిండిమిల్లు. బెల్టు అరిగి చక్రం మీద జారితే వచ్చే వాసన అదే. ఇంజను తిరగడం, చక్రాలు తిరగకపోవడం, నడుమ ఏదో జారిపోతోందని వాసనే చెబుతోంది. కానీ నోరు మెదపలేదు. పెళ్ళిచూపుల నాడే మా అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, "మిల్లు సంగతి ఎత్తినావంటే చూడు. బెల్టులు తగిలించే పిల్లంటే ఎవురు చేసుకుంటారే? కుట్లు, అల్లికలు వస్తాయని చెప్పినాం" అని ఒట్టు వేయించుకుంది. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు.

మామ మళ్ళీ గడపలో కుర్చీ వేశారు. ఈసారి ఆయనకు కొత్త కోడలు కూడా దొరికింది. "మీ హిందూపురంలో చారంటే నీళ్ళకు పసుపు పూసేదేనా పాపా?" అనేవారు. ఓళిగలు, అదే బొబ్బట్లు, వత్తుతుంటే, "అంచు మందమైంది, ఆడ, ఆడ, నీ ఎడమ చేతి పక్క" అని కర్రతో చూపించేవారు. పక్కిళ్ళ ఆడవాళ్ళు రావడం మానేశారు. రేడియో మూగపోయింది. ఎనిమిదో రోజు అత్త నాతో, "పాపా, నేను మూట కట్టుకుంటే నువ్వూ వస్తావా?" అని అడిగింది.

చివరికి పెనుకొండ నుంచి దేవదానాన్ని పిలిపించారు. పెద్ద ట్రాక్టర్లను విప్పి పరిచి మళ్ళీ కూర్చగల మనిషి. కొట్టం కింద బండి పక్కన బోర్లాపడుకొని, వెల్లకిలా పడుకొని, టార్చి వేసి, గంటసేపు వెతికాడు. ఆఖరికి దుమ్ము దులుపుకొని లేచి, "పెద్దాయనా, క్లచ్చు పోయిందని పిలిచినారు. దీనికి క్లచ్చే లేదు" అన్నాడు.

"క్లచ్చు లేకుంటే ఇన్నాళ్ళూ నేను కాలితో తొక్కింది ఏందప్పా?"

"అది నాకేం తెల్సు సామీ? నువ్వు తొక్కినావు, అది పోయినాది. ప్లేటు ఉండల్ల, ప్లేటు లేదు. ప్రెషరు ప్లేటు ఉండల్ల, అదీ లేదు. ఇది బండి కాదు, బొమ్మ. పాత ఇనుముకు ఏసేయ్."

ఆ మాట అనగానే మామ మొహం చూశాను. కోప్పడతారనుకున్నాను. కర్ర పట్టుకొని వసారాలోకి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. మరుసటి రోజు గడపలోకి కుర్చీ రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. అడిగితే తినడం, లేకపోతే పడుకోవడం. శనివారం వచ్చిన మా ఆయన, "నాయనా, ఆ బండి పోతే పోనీ, చక్రాల కుర్చీ తెప్పిస్తా" అంటే మామ పేపరు మొహం మీదికి లాక్కున్నారు. ఇల్లు ప్రశాంతంగా ఉంది, కానీ మాకు కాళ్ళు చాపుకొని కూర్చోబుద్ధి కాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం అత్త ఖాళీ కంచం పట్టుకొని వంటింట్లోకి వచ్చింది. "పాపా, పొద్దున కావాలనే చార్లో ఉప్పెయ్యలేదు. తాగినాడు. ఒక్క మాట అనలేదు. పూర్తిగా తాగినాడే! ఈ మనిషికి ఏందో అయ్యిండాది."

ఇక దాచలేకపోయాను. చెప్పేశాను. వాసన సంగతి, మిల్లు సంగతి, పన్నెండేళ్ళప్పటి నుంచి నాయన పక్కన నిలబడి బెల్టులు మార్చిన సంగతి, కుట్లు అల్లికలు అబద్ధమన్న సంగతి. అత్త పొయ్యి మీద చెయ్యి కాలినదానిలా నన్ను చూసింది. పుట్టింటికి పంపించేస్తారనే అనుకున్నాను.

"నీకు మిషన్లు తెల్సునా? మరి ఇన్నాళ్ళూ నా చావు చూస్తా ఊరకుండావా?" అంది. అని, బియ్యం డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, స్పానరు పైకి తీసింది. "వాడు బొమ్మ అన్నాడు జూడు, ఆ కోపానికి దాచినా. మర్సటి రోజు వచ్చి అడిగితే ఏ స్పానరు అంటిని. ఇది పనికొస్తాదా?"

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాం. మామ వసారాలో మొహం మీద పేపరు కప్పుకొని పడుకున్నారు. గడ్డపారతో బండి వెనకభాగం ఎత్తి కింద ఇటుకలు పేర్చి, చాప పరుచుకొని ఇద్దరం పడుకొని లోపలికి జరిగాం. ఏభై దాటిన అత్త, కొంగు నడుముకు బిగించి, తొలిసారి ఒక బండి కడుపులోకి చూసింది. దేవదానం చెప్పింది నిజమే, ట్రాక్టరులో ఉండేలాంటి క్లచ్చు అందులో లేదు. ఇంజను కింద ఇనుప పళ్ళెం ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. అంచుకు రబ్బరు ఉన్న చిన్న చక్రం ఒకటి ఆ పళ్ళేన్ని ఒరుసుకొని తిరిగి బండిని నడుపుతుంది. పెడల్ తొక్కితే చక్రం పళ్ళేన్ని వదిలేస్తుంది, కాలు తీస్తే మళ్ళీ పట్టుకుంటుంది. అదే దాని క్లచ్చు. మామ ఎద్దు ముకుతాడు పట్టుకున్నట్టు ఎప్పుడూ పెడల్ మీద సగం కాలు వేసే నడిపేవారు. పట్టీపట్టక ఒరుసుకొని ఒరుసుకొని రబ్బరంతా అరిగిపోయి ఇనుము తేలింది. అత్త దాన్ని వేలితో తడిమి, "మీ మామ నోటికి నా చెవులు అరిగినట్టు అరిగిపోయిండాది" అంది. నట్టును ఆమె బలంకొద్దీ ఎటో తిప్పుతోంది, అది ఇంకా బిగుసుకుంటోంది. నేను చూసుకొని ఇటు తిప్పమనేసరికి ఇద్దరి నుదుళ్ళూ గ్రీజు.

మర్నాడు, "పాప వాళ్ళమ్మకు బాగలేదంట, చూసొస్తాం" అని మామకు చెప్పి, చక్రాన్ని పాత గుడ్డలో చుట్టి సంచిలో వేసుకొని, బస్సెక్కి హిందూపురం పోయాం. తలుపు తీసిన మా అమ్మ, "నాకేమైంది? నేను బాగనే ఉండానే" అంది. అత్త సంచిలోంచి చక్రం తీసి బల్ల మీద పెట్టాక మాత్రం ఆమెకు నిజంగానే బాగలేకుండా పోయింది. నన్ను గిల్లి, "చెప్పేసినావా?" అంది గుసగుసగా. అత్తకు వినబడనే వినబడింది. "కుట్లు, అల్లికలు అన్నారు గదమ్మా. ఇదీ ఒక కుట్టేలే" అంది.

మా నాయన మాత్రం చక్రాన్ని పసిబిడ్డను చూసినట్టు తిప్పి తిప్పి చూశారు. ఒక పాత మిల్లుబెల్టు తీసి, దాంట్లోంచి గుండ్రంగా మూడు రింగులు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చక్రానికి బోల్టులతో బిగించి, పక్కనున్న లేతు షాపులో అంచు సాపు చేయించారు. అంతసేపూ అత్త మిల్లులో గోధుమ మూట మీద కూర్చొని, జుట్టంతా పిండి పడుతున్నా లేవకుండా చూసింది. మా అమ్మ నాలుగుసార్లు వచ్చి లోపలికి పిలిచింది. పోలేదు. చివర్లో నాయన, "ఒక మాటమ్మా. పెడల్ మీద ఊరికే కాలు పెట్టి ఉంచొద్దని బావకు చెప్పండి. తొక్కితే పూర్తిగా తొక్కల్ల, వదిలితే పూర్తిగా వదలల్ల" అన్నారు.

"ఆయనకు చెప్పేదానికి నేను ఇంగొక జన్మ ఎత్తల్ల అన్నా" అంది అత్త.

మరుసటి మధ్యాహ్నం మళ్ళీ పేపరు కప్పుకొని మామ నిద్ర, మళ్ళీ చాప మీద మేము. చక్రం ఎక్కించి, నట్లు బిగించి, ఇటుకలు తీసేశాం. సాయంత్రం అత్త మామ మంచం దగ్గరికి పోయి, దేవుడికి మొక్కుకున్నానని, ఒక్కసారి బండి ఎక్కి చూడమని చెప్పింది. ఎండుమిరపకాయల రోజు నుంచీ ఆ బండిని శాపనార్థాలు పెట్టిన మనిషి దాని కోసం మొక్కుకోవడం ఏమిటని మామ అడగలేదు. కర్ర పట్టుకొని లేచి వచ్చారు. ఇంజను తాడు లాగారు. అలవాటు ప్రకారం పెడల్ మీద నుంచి కాలు కొంచెం ఎత్తారు. కొత్త రింగు పళ్ళేన్ని ఎంత గట్టిగా పట్టిందంటే బండి ముందరి చక్రాలు రెండూ జానెడు గాల్లోకి లేచాయి. మామ "ఓహో!" అన్నారు, ఎద్దును అదిలించినట్టు. గొడుగు ఊడి వాకిట్లో పడింది. బండి గేటు దాటి, బడి దాటి పోయింది. చప్పుడు సన్నబడింది. అత్త రేడియో పెట్టలేదు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. బిగించిన నట్లలో ఒకటి వదులుందేమో, యాడన్నా పడ్డారేమో.

రెండు గంటలు దాటాయి. చీకటి పడుతుండగా తడతడ వినబడింది. మామ వాకిట్లో బండి ఆపి, సీటు మీదే కూర్చొని, చెమట తుడుచుకొని మజ్జిగ అడిగారు. చెంబు ఎత్తి తాగి అత్త చేతికిచ్చారు.

"పెనుకొండ దాకా పోయినా. ఆ దేవదానం అంగడి ముందర నాలుగు సుట్లు తిప్పినా. క్లచ్చు లేదన్నావు గదప్పా, ఇప్పుడు యాడ్నుంచి వచ్చె అంటిని. నోరు తెర్సుకోని చూసినాడు." మూతి తుడుచుకున్నారు. "నా స్పానరు మీ ఇంట్లో ఉండాదా పెద్దాయనా అని అడిగినాడు. లేదని చెప్పినా. ముసలితనంలో నీ కోసరం అబద్ధమాడి వచ్చినా."

అత్త చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "నీకెట్ల తెల్సు?"

"పేపరు చాటున చూసేదానికి దాంట్లో చిల్లి అవసరం లేదు. పక్కకు జరిపితే చాలు. బండి కింద నాలుగు కాళ్ళు కనపడె. రెంటికి కొత్త మెట్టెలు, రెంటికి అరిగిన మెట్టెలు. రెండు దినాలు చూసినా." నావైపు తిరిగారు. నా చూపు నేల మీద ఉంది. "మీ అత్త నట్టు తిప్పతాండాది జూడు పాపా, అంతా తప్పు దిక్కుకు! మాట నోటి దాంక వచ్చింది. నాలిక కరుసుకున్నా. చెప్తే మీరు లేసి పోతారని."

అత్త నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. "ఈ నాలిక కరుసుకునే పని ముప్పై ఏండ్ల కిందట నేర్సుకోని ఉంటే..." అని లోపలికి పోయింది.

ఆ బండి ఇంకా పన్నెండేళ్ళు నడిచింది. ఏడాదికో రింగు. తర్వాతివన్నీ పట్టపగలు, అందరి ఎదుటే మార్చాం. మామ పక్కనే కుర్చీ వేసుకొని, ఆ రెండు రోజులు మింగిన మాటలన్నీ వడ్డీతో సహా చెప్పేవారు. పెడల్ మీద కాలు మాత్రం చివరిదాకా తీయలేదు. ఆయన పోయాక దాన్ని ఎవరూ ఎక్కలేదు. ఒక వేసవిలో పాత ఇనుము బండికి ఎత్తించాం. అత్త ఇంట్లోంచి బయటికి రాలేదు. చిన్న బండే, కానీ దానిలో ఏం పోయినా ముక్కు చెప్పేది, చెవి చెప్పేది, చాప పరుచుకుంటే కన్ను చూసేది. ఇప్పుడు ఇంట్లో మిషన్లు ఎక్కువ, వాటి కడుపులు మాత్రం ఎవరికీ కనబడవు. అన్నీ నిశ్శబ్దంగా పనిచేసి, నిశ్శబ్దంగా చస్తాయి.

పోయిన నెల ధర్మవరంలో ఇప్పుడు మేముంటున్న ఇంట్లో వాషింగ్ మెషిన్ తిరగడం మానేసింది. ఇరవై ఏళ్ళ వయసున్న టెక్నీషియన్ వచ్చి, మూత తీసి, "క్లచ్చు అరిగిపోయింది మేడం. మీరు పోయి కూర్చోండి, నేను చూసుకుంటా" అన్నాడు. సోఫాలో కూర్చున్నాను. మా ఆయన పేపరు ఇచ్చాడు. చదివినట్టు పట్టుకున్నాను. వంటింటి వైపు నుంచి నట్టు మీద స్పానరు జారే చప్పుడు వస్తోంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అతను తప్పు వైపు తిప్పుతున్నాడు. పేపరు గట్టిగా పట్టుకున్నాను, నాలుక కరుచుకున్నాను, మామ రెండు మధ్యాహ్నాలు ఆ మంచం మీద ఎట్లా పడుకోగలిగారో అప్పుడు అర్థమైంది. నాకైతే రెండు నిమిషాలు కూడా ఓర్పు నిలవలేదు.

"అటు కాదు నాయనా, ఇటు!" అంటూ లేచాను.